కారే కారు

మొదటి దెబ్బ ముక్కు మీద పడింది. రెండోది పడేలోపు మెకానిక్ చేసిన పని ఒక్కటే, చేతిలోని స్క్రూడ్రైవర్ని దూరంగా విసిరేయడం. అది చేతిలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వాడాలనిపిస్తుందని అతని భయం.

"నిన్నటి వానకి మళ్లీ కారింది," అన్నాడు బావ, మూడోది వేస్తూ. "కారు కారకుండా చెయ్యడం రాదు గానీ, పైన ఇంత బోర్డొకటి."

కారు అన్నాక కారుతుందని దాని పేరులోనే ఉంది. కానీ ఆ మాట బావ ముందు అనడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆ మాటకొస్తే పళ్లు కూడా చాలవు.

పాతికేళ్ల నాటి బండి. పైకప్పులో తెరుచుకునే అద్దం. దాని చుట్టూ చేరిన వాననీళ్లు పోవడానికి నాలుగు మూలలా నాలుగు సన్నటి గొట్టాలు లోలోపలే కిందికి దిగి చక్రాల వెనకాల తేలతాయి. గొట్టాలు పూడుకుంటే నీళ్లు సీట్ల మీదికి దిగుతాయి. అప్పుడు బావ కారు బావి అయిపోతుంది. బావ బూట్లు తడుస్తాయి. తడిబూట్లతోనే తిన్నగా బావమరిది షెడ్డుకొచ్చి వాలతాడు. ఈ ఏడాది ఇది అయిదోసారి.

ఆ కారుకి పన్ను కట్టేది బావ. పన్ను పోగొట్టుకునేది బావమరిది. కిందటి వానకి ఒకటి, అంతకుముందు వానకి ఒకటి.

మెకానిక్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని పనిలో పడ్డాడు. పని మాత్రం ముచ్చటగా చేస్తాడు. మిగతావాళ్లయితే కంప్రెసర్ తెచ్చి గాలి కొడతారు. ఆ విసురుకి లోపల గొట్టం జాయింటు ఊడి, చుక్క కారేచోట కాలువ పారుతుంది. అతను కేబుల్ తీగ కొనకి టేపు చుట్టి, చెవిలో పుల్ల పెట్టుకున్నంత జాగ్రత్తగా మూలనున్న కన్నంలోకి దించాడు. ఆగినచోట తిప్పాడు. లాగాడు. మళ్లీ దించాడు. మట్టి, కుళ్లిన ఆకులు, నల్లటి జిగురు బయటికొచ్చాయి.

బావ ఊరికే నిలబడి చూసే రకం కాదు. మెకానిక్ వైపర్ల కింద చేరిన చెత్త తియ్యడానికి బానెట్ ఎత్తి చెయ్యి పెట్టాడు. బావ ఆ చేతి మీదికే బానెట్ దించాడు. రెండు వేళ్లు చితికాయి.

చెయ్యి జారిందన్నాడు బావ. జారే చెయ్యి ఎప్పుడూ ఆయనదే, చితికే చెయ్యి ఎప్పుడూ ఎదుటివాడిదే.

తర్వాత వీల్ స్పానర్ అందుకున్నాడు. బోల్టులు విప్పే వస్తువుతో బావమరిది వెన్నుపూసలు విప్పాలని చూశాడు. మెకానిక్ బోర్లా పడ్డాడు. పడ్డవాణ్ణి, తడిసిన బూట్లు ఆరేదాకా తన్నాడు. చివరికి ఆయాసమొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

పక్క షెడ్డు వెల్డర్ వచ్చి మెకానిక్‌ని రెక్క పట్టుకుని చాటుకి లాగాడు.

"ఇంజన్లు లేపే చెయ్యి కదరా నీది. ఆ మనిషికి ఒక్కటి పీకలేవా?"

పీకాడట, మూడేళ్ల కిందట. బావ కిక్కురుమనకుండా ఇంటికెళ్లాడు. ఆ సాయంత్రం అక్క ఎడమ చెయ్యి రెండుచోట్ల విరిగింది. మెట్ల మీంచి జారిపడ్డానని ఆస్పత్రిలో చెప్పింది. ఆ ఇంటికి మెట్లు లేవు. కేసు పెడదామంటే, పెడితే ఇద్దరినీ చంపుతాడని కాళ్లు పట్టుకుంది. నా దగ్గరికి వచ్చెయ్యమంటే, నిన్ను బతకనిస్తాడా అంది. ఇదంతా మెకానిక్ నెత్తురు ఉమ్ముకుంటూ, నెమ్మదిగా చెప్పాడు.

"అక్క ఒంటి మీద దెబ్బ పడకూడదన్నా. నాక్కావలసింది అదొక్కటే."

"అయితే ముందు ఆ కారడమేదో ఆపి చావు," అని వెల్డర్ తన మంటల దగ్గరికి తను పోయాడు.

మెకానిక్ లేచి మిగతా గొట్టాలు కూడా కానిచ్చాడు. మగ్గుతో నాలుగు మూలలా నీళ్లు పోసి చూపించాడు. నాలుగు చక్రాల వెనకా నాలుగు ధారలు. లోపల కార్పెట్ ఎత్తి, నేల తుడిచి, ముందే కాగితాలు పరిచి ఉంచాడు. ఒక్కటీ తడవలేదు. బావ తప్పు వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు ఇంకొకటి పీకాడు.

"మళ్లీ కారిందా..."

"కారదు బావా."

కార్పెట్ ఆరాక సాయంత్రం వచ్చి బండి తీసుకుంటానని చెప్పి, బావ ఇంటికి నడిచాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడింది. ఆయన పిడికిళ్లు వాచిపోయాయట. వేణ్ణీళ్లలో ముంచుకుని కాసేపు కూర్చుని, కూర్చున్నచోటే నిద్రపోయాడట.

"నీ జోలికి వచ్చాడా?"

"లేదురా. రావడానికి ఓపికేదీ?"

అక్కే మళ్లీ అందుకుంది.

"ఒరేయ్, ఈసారైనా ఆ కారు సరిగ్గా బాగుచెయ్యరా. ఏదో ఒక రోజు నిన్ను చంపేస్తాడు."

"చేశానక్కా. ఇంక చుక్క దిగదు."

ఫోన్ పెట్టేసి, వెల్డర్ ఇటు చూడటం లేదని రూఢి చేసుకుని, మెకానిక్ షెడ్డు వెనకనుంచి ఇంత తడిమట్టీ కుళ్లిన ఆకులూ తెచ్చి ముద్ద చేసి, శుభ్రంగా ఉన్న నాలుగు గొట్టాల్లోనూ ఎప్పటిలాగే మళ్లీ కూరాడు.