పన్నెండు గంటల సైరన్

“ఈ ఏడు మీ ఊళ్ళో తొలకరి ఎలా ఉంది?” అని ప్రిన్సిపాల్ కమలాదేవి అడిగేసరికి లక్ష్మీనర్సయ్య తెల్లబోయాడు. ఎన్ని ఎకరాలు, ఏం పంట, ఏ బస్సు అన్నవి వారం రోజులుగా వల్లె వేసుకొని వచ్చాడు. తొలకరి సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

“పడ్డదమ్మా. పడ్డకాడ పడ్డది, పడనికాడ పడలే,” అన్నాడు.

పక్క కుర్చీలో కూర్చున్న కూతురు సారలమ్మ తల వంచుకుంది.

అది అరవై ఎనిమిది జూన్. తార్నాకలో యూనివర్సిటీ గోడను ఆనుకొని ఉన్న ఆ చిన్న ప్రైవేటు కాలేజీలో సీట్లు ఇరవై నాలుగే. అందరూ ఆడపిల్లలే, అందరూ అక్కడే ఉండి చదువుకోవాలి. దరఖాస్తులో మొట్టమొదటి నిబంధనే కొట్టొచ్చినట్టు అచ్చువేశారు: పట్నంలో ఇల్లున్నవారికి సీటు లేదు.

లక్ష్మీనర్సయ్యది పట్నంలోనే, లాలాగూడ రైల్వే క్వార్టరు. కాలేజీకి నడిచే రావచ్చు. రెండు గదుల్లో తొమ్మండుగురు. సారలమ్మ పుస్తకం తెరిస్తే ఒక తమ్ముడు ఒళ్ళోకి ఎక్కుతాడు, ఇంకొకడు పుస్తకం మీదే ఎక్కుతాడు. ఈ కాలేజీలో మనిషికో మంచం, మంచానికో దీపం ఇస్తారని విన్నప్పటి నుంచి ఆ పిల్లకు మరో ధ్యాస లేదు. అందుకని వర్క్‌షాపులో ఫిట్టరు కాస్తా ఇవాళ జనగామ పక్క పల్లెలో రైతైపోయాడు. గోళ్ళ సందుల్లోని గ్రీజును కిరసనాయిలు పెట్టి కడుక్కున్నాడు. పక్కింటి బుచ్చిరాములు రుమాల అడిగి తలకు చుట్టుకున్నాడు. ఇంత ఉపాయం తనకు తప్ప ఇంకెవరికీ తట్టదని దారి పొడుగునా మురిసిపోయాడు కూడా.

బయట వరండాలో ఇంకో పద్నాలుగు మంది తండ్రులు ఉన్నారు. అందరూ రుమాళ్ళు కనుబొమల దాకా దించుకొని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. పల్లెటూరి వాళ్ళు, పాపం, ఎంత బిడియమో అని వాళ్ళ మీద జాలిపడి లోపలికి వచ్చాడు లక్ష్మీనర్సయ్య.

“బావికి నీళ్ళు తోడేది ఎలా?” అంది కమలాదేవి.

ఆయిలింజను అన్నాడు. అదెలా పనిచేస్తుందని ఆమె అడగడమే పొరపాటైంది. పిస్టన్ రింగు అరిగితే పొగ ఏ రంగులో వస్తుందో, గ్యాస్కెట్‌కు ఎంత మందం అట్ట కత్తిరించాలో చెప్పుకుంటూ పోయాడు. సారలమ్మ కాలు తొక్కితే గానీ ఆగలేదు.

“మరి ఎకరానికి విత్తనం ఎంత పడుతుంది?”

“గది మా ఇంటామె చూసుకుంటదమ్మా.”

కమలాదేవి కళ్ళజోడు సర్దుకొని పిల్ల వైపు తిరిగింది. ఇన్ని కాలేజీలుండగా ఇక్కడికే ఎందుకు రావాలనుకున్నావని అడిగింది. సారలమ్మ బట్టీపట్టి వచ్చిన జవాబు ఒకటి ఉంది. అది గొంతులోనే ఉండిపోయి, నిజం బయటికొచ్చింది.

“ఈడ దీపం ఉంటదంట మేడం. నా ఒక్కదానికే.”

కమలాదేవి కలం మూత తీసి దరఖాస్తు దగ్గరికి లాక్కుంది.

సరిగ్గా అప్పుడే లాలాగూడ వర్క్‌షాపులో పన్నెండు గంటల సైరన్ కూసింది.

ఆ కూత వింటే లాలాగూడలో ఎవరూ ఆలోచించరు. వర్క్‌షాపులో మగవాళ్ళు చేతిలోది కిందపెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేస్తారు. క్వార్టర్లలో ఆడపిల్లలు తండ్రుల టిఫిన్ డబ్బాలు అందుకొని గేటు వైపు పరుగెత్తుతారు.

లక్ష్మీనర్సయ్య లేచి నిలబడ్డాడు. తల మీది రుమాల లాగి చేతులు శుభ్రంగా తుడుచుకున్నాడు. సారలమ్మ చెయ్యి కుర్చీ పక్కన లేని డబ్బా కోసం తడుముకుంది.

“ఎక్కడికి లేచారు?” అంది కమలాదేవి, బల్ల అవతల నిలబడి.

ఏం జరిగిందో అప్పుడు తెలిసింది లక్ష్మీనర్సయ్యకు. దాచి లాభం లేదనిపించింది.

“తప్పయిందమ్మా. మాది లాలాగూడనే. మిషన్ షాపుల ఫిట్టర్‌ను. అబద్ధం నాది, పిల్లది కాదు.” సారలమ్మకు మంచమూ దీపమూ రెండూ కళ్ళ నీళ్ళలో కొట్టుకుపోయాయి.

కమలాదేవి గడ్డంతో కిటికీ వైపు చూపించింది. వరండాలో పదకొండు మంది రైతులు లేచి నిలబడి రుమాళ్ళతో చేతులు తుడుచుకుంటున్నారు. ముఖాలు బయటపడ్డాక ఒకరినొకరు గుర్తుపట్టి నాలుక కరుచుకుంటున్నారు. మిగిలిన ముగ్గురూ, ఎక్కడైనా నిప్పంటుకుందేమోనని, బెంచీ కింద వెతుకుతున్నారు.

“పద్నాలుగు మందిలో అసలైన రైతులు ముగ్గురన్నమాట,” అంది కమలాదేవి కటువుగా. “నిబంధన నిబంధనే. నేను మాత్రం ఏం చేయను?”

ఆఖరిసారి బతిమాలుదామని సారలమ్మ కళ్ళు తుడుచుకొని తలెత్తింది. బతిమాలడం మరిచిపోయి అలాగే చూస్తుండిపోయింది.

“మేడం, మరి మీ చేతుల డబ్బ ఎందుకున్నది?”

కమలాదేవి తన చేతిలోకి చూసుకుంది. సొరుగులోంచి టిఫిన్ డబ్బా ఎప్పుడు తీసిందో, కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. మెల్లగా కూర్చుంది. దరఖాస్తులో ఊరి పేరు పక్కన ‘విచారించితిమి, సరియే’ అని రాసి సంతకం పెట్టింది. అంతసేపూ అచ్చు పుస్తకంలా మాట్లాడిన మనిషి, అప్పుడు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“మా నాయిన లాలాగూడ ఫౌండ్రీల చేసిండు. పదేండ్లు గేటుకాడికి డబ్బ మోసిన.”