ఆమె గడిలో సున్నా

"నా పెళ్ళాం పని చెయ్యలేదా? ఎవడన్నాడు?"

ఆర్విడ్ అరుపుకి, మూలన కాఫీ పోసుకుంటున్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. బల్లకి అవతల కూర్చున్న కేలా మాత్రం బెదరలేదు. పన్నుల కాగితాలు నింపిపెట్టే ఈ ఆఫీసుకి ఆమె కొత్తే గాని, గడువు దగ్గరపడే ఏప్రిల్ నెలలో మనుషులు అరుస్తారని ఈపాటికి తెలిసిపోయింది.

"నేననలేదండీ. మీ కాగితమే అంటోంది." కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది. "మీ పేరు, మీ పడవ కవర్ల కొట్టు, దాని మీద మీ సంపాదన. ఆ కింద మీ ఆవిడ, ట్రీనా. సంపాదన సున్నా. పిల్లని చూసుకునే మనిషికి మీరిచ్చిన డబ్బుకి పన్నులో తగ్గింపు రావాలంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంపాదిస్తూ ఉండాలి. ఒకరు ఇంట్లోనే ఉంటే పిల్లని వేరేవాళ్ల దగ్గర పెట్టడమెందుకని అడుగుతారు."

"ఇంట్లో ఉందా? చూడమ్మాయ్, ఈ సరస్సు మీద తిరిగే పడవల్లో సగం పడవల కవర్లు ఆమె కుట్టినవే. కొలతలు నావి, కత్తిరింపు నాది. కుట్టు మొత్తం ఆమెది. ఆ మందపాటి కేన్వాసుని మిషను కిందికి తొయ్యి ఓసారి, భుజాలు ఏమవుతాయో తెలుస్తుంది."

"జీతం ఇచ్చేవారా?"

"సొంత పెళ్ళానికి జీతమిస్తారా ఎవరైనా?"

"పోనీ కొట్టులో వాటా ఉందా? బ్యాంకు ఖాతాలో, లైసెన్సులో, ఎక్కడైనా ఆమె పేరుంటే చెప్పండి. ఆదాయంలో సగం ఆమె పేర చూపించే వీలుంటుందేమో చూద్దాం. దానివల్ల మీ పన్నేమీ పెరగదు."

"పెరగదా?"

"ఇంచుమించు అంతే ఉంటుంది."

రెండు పేర్లుంటే రెండు పన్నులు పడతాయని ఇన్నేళ్లూ అనుకున్నాడు ఆర్విడ్. అనుకున్నాడంతే, ఎవర్నీ అడగలేదు.

"కనీసం బోర్డు మీదైనా ఉందా?" అంది కేలా.

బోర్డు మీద 'ఆర్విడ్ కేన్వాస్' అని ఉంది. దాన్ని రాసేవాడు ఇంకా నిచ్చెన మీద ఉండగానే, ట్రీనా కింద నిలబడి, "నా పేరు కూడా పెట్టించొచ్చుగా" అని నవ్వింది. "వాడు అక్షరానికింతని తీసుకుంటాడు" అన్నాడు తను. ఆమె మళ్లీ అడగలేదు.

"లేదు."

కేలా నిట్టూర్చింది. "పాపని ఎప్పట్నుంచి బయట పెట్టారు?"

"జూన్ నుంచి, బెవర్లీ దగ్గర. అంతకుముందు కొట్లోనే, మిషను పక్కనే ఆడుకునేది. ట్రీనాయే పట్టుబట్టింది. పాప ఎల్సీని ఎత్తుకోలేకపోతున్నానంది. దండగ ఖర్చని నేను గొడవ పెట్టుకున్నాను."

కేలా చటుక్కున తలెత్తింది. "ఒంట్లో బాగాలేదా ఆవిడకి? అయితే ఇంకో దారుంది. తన పనులు తాను చేసుకోలేనంత జబ్బుగా ఉంటే, ఆ నెలల్లో ఆమె సంపాదించినట్టే లెక్కేస్తారు. ఎన్ని నెలలు మంచాన ఉంది?"

ఆర్విడ్‌కి ఒకటి గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం ట్రీనా మిషను పక్కన నేల మీద కూర్చుండిపోయి, కేన్వాసు చుట్టకి తల ఆనించింది. అప్పుడు తను గడియారం వంక చూశాడు. "ఆ చేపల పడవది రేపు ఇచ్చెయ్యాలి" అన్నాడు. ఆమె బల్ల పట్టుకుని లేచింది. కుట్టింది.

"ఒక్క నెలా లేదు," అన్నాడు.

"బాగా గుర్తు చేసుకోండి. రెండు మూడు నెలలున్నా కొంతైనా వస్తుంది. డాక్టరు చీటీ తెచ్చుకోండి, మిగతాది నేను చూసుకుంటాను."

"మంచాన పడలేదని చెప్తున్నాగా. చేసింది. రోజూ చేసింది. ఇన్నేళ్లూ పని చెయ్యలేదని రాయించాను. ఇప్పుడు చెయ్యలేకపోయిందని రాయించమంటావా?"

"అయితే సున్నా అలాగే ఉంటుందండీ."

"ఉండనీ."

ముసలాయన కాఫీ కప్పు పట్టుకుని చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోయాడు. కేలా కాగితాలు ముద్రించి, పిన్ను కొట్టి, అతని ముందుకు జరిపింది. అతని మీద ఆమెకి కాస్త జాలి కలిగినట్టుంది, గొంతు మెత్తబడింది.

"వచ్చే ఏడాదైనా ఆవిడ పేరు కలపండి. ఓ పూట పని, అంతకన్నా పట్టదు. ఇక్కడ మీ సంతకం. ఈ రెండో గీత మీద ఆవిడది. ఇంటికి పట్టుకెళ్లి పెట్టించుకు రండి, తొందరేం లేదు."

ఆర్విడ్ తన గీత మీద సంతకం పెట్టాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు. ట్రీనా మరణ ధ్రువీకరణ పత్రం.

"నవంబర్లో పోయింది," అన్నాడు. "రెండో గీత మీద నేనేం రాయాలో చెప్పు."

కేలా చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. "అయ్యో... క్షమించండి. నాకు తెలియదు. కంప్యూటర్లో పాత వివరాలే ఉన్నాయి..."

"నీ తప్పేం లేదు. వచ్చే ఏడాది సంగతి చెప్పు. పిల్ల ఎటూ బెవర్లీ దగ్గరే ఉంటుంది. మళ్లీ సున్నాయేనా?"

ఆమె తెర మీద నిబంధనలు తెరిచి చూసింది.

"కాదండీ," అంది చివరికి, తల ఎత్తకుండానే. "వచ్చే ఏడాది మీకు రావలసింది పూర్తిగా వస్తుంది. భార్య కూడా పని చేస్తూ ఉండాలన్న షరతు... మీకిక వర్తించదు."