కొంగమ్మ లావు కర్రలు

కర్ర లావు చూసుకుని మురిసిపోయిన కొంగమ్మ సంగతి చెబుతా, వినండి. మడుగు ఒడ్డు ఇసుకలో నాలుగు లావుపాటి కర్రలు జానెడు లోతున పాతి, మంచె కట్టి, మూడు గుడ్లు పెట్టిందావిడ. పక్కనే నీటికోడి సన్నటి వెదురుబొంగుల్ని ఇంకా దిగ్గొడుతూనే ఉంది.

"ఎందాకే పిల్లా? పాతాళంలో చుట్టాలున్నారా?"

"కింద గట్టినేల తగిలిందని బొరియలోంచి ఎండ్రకాయ మామ కేకెయ్యాలి అత్తా!"

ఆ కేక విన్నాకే నీటికోడి మంచె కట్టింది. మర్నాడే భూమి కంపించింది. తడి ఇసుక కాస్తా అంబలిలా జారైపోయింది. వెదుళ్లు ఊగి ఊగి నిలిచాయి. లావు కర్రలు మంచెతో సహా ఒరిగాయి. దొర్లిపోతున్న గుడ్లను నీటికోడి రెక్క అడ్డుపెట్టి తన మంచె మీదికి లాక్కుంది.

ఆ వెదురు మంచె మీదే గుడ్లు పొదుగుతూ కూర్చున్న కొంగమ్మ కిందికి తొంగిచూసింది.

"ఎండ్రకాయన్నా, ఆ మూల బొంగు నిజంగా గట్టినేలకి తగిలిందంటావా? ఇంకో నాలుగు దెబ్బలు వేయించరాదూ!"