గేర్‌బాక్సు కింది పట్టీ

బండి కింద చెయ్యి పెట్టగానే బోల్టు ఇట్టే తిరిగింది.

ఆమె ఇంకాస్త లోపలికి దూరి చూసింది.

గేర్‌బాక్సును బండి చట్రానికి పట్టి ఉంచే బ్రాకెట్టు బోల్టు అది. నిన్న సాయంత్రం బలమంతా పెట్టి తనే బిగించింది. పక్కదీ వదులే.

"బావా, ఇలా రా ఓసారి!"

అక్క మొగుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. షెడ్డు ఇద్దరూ కలిసి పెట్టిందే. ఆ ఎర్ర స్పోర్ట్స్ కారును తుక్కులోంచి తెచ్చి ప్రాణం పోసింది కూడా ఇద్దరే. ఆదివారం కొండ దారి పందెంలో నడపబోయేది మాత్రం ఆమె.

బావ వంగి చూసి గొంతు తగ్గించాడు.

"నాకా కొత్తాయన మీదే అనుమానం. తెలిసినవాళ్ళు చెప్పారని పనిలో పెట్టుకున్నాను. బుద్ధి తక్కువై."

కొత్తాయన మూల కూర్చుని ఓ ఇనుప పట్టీని ఆకురాయితో రుద్దుకుంటున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. తలెత్తి చూడడు.

మర్నాడు ఆమె భోజనం సగంలో వదిలేసి షెడ్డుకొచ్చింది.

కారు కింద రెండు కాళ్ళు. స్పానర్ చప్పుడు.

"బయటికి రా!"

వచ్చాడు. ముఖం నిండా గ్రీజు.

"ఏం చేస్తున్నావ్?"

"బిగిస్తున్నానమ్మా. మళ్ళీ వదులయ్యాయి."

"వాటంతటవేనా?"

అతను నసిగాడు. "షెడ్డు తాళం ఎవరి దగ్గరుంటుందో చూసుకోండమ్మా."

తాళం ఉండేది బావ దగ్గర. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చేసిందంతా చేసి, మా ఇంటి మనిషినే అంటావా?"

అతని సంచీ తీసి రోడ్డు మీదికి విసిరింది. పనిముట్లు చెల్లాచెదురయ్యాయి. అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. దొంగ, ద్రోహి, ఇంకా నోటికొచ్చినవన్నీ అంది.

అతను ఒక్కొక్కటే ఏరుకున్నాడు. గేటు దగ్గర ఆగి అన్నాడు.

"గేర్‌బాక్సు కింద అడ్డంగా పట్టీ వేశానమ్మా. బోల్టుల్లేవు, వెల్డింగే. దాన్ని మాత్రం తీయకండి."

"పోతావా, మెడపట్టి గెంటించనా?"

పోయాడు.

"ఆ పట్టీ కోసి పారేద్దాం" అన్నాడు బావ. "వాడేం మాయ చేశాడో ఏమో."

అప్పటికే బండిని తీసుకెళ్ళే లారీ గేటు దగ్గర హారన్ కొడుతోంది.

"పందెం అయ్యాక కోద్దువుగానీలే. ముందు ఎక్కించు."

ఆదివారం పొద్దున బావ బండి కింద దూరి, లేచి, చేతులు దులుపుకున్నాడు.

"అన్నీ చూశాను. రాయిలా ఉన్నాయి."

ఆమె హెల్మెట్ పెట్టుకుంది.

కొండ సగం ఎక్కాక కింద ధన్‌మంది. సీటు అదిరింది. పక్కనే లోయ. బండి మాత్రం దారి తప్పలేదు. ఈడ్చుకుంటూ వచ్చి కొండవైపు గోడ వారన ఆగింది.

కిందికి తెచ్చి లిఫ్టు మీద ఎత్తారు. బ్రాకెట్టుకి ఒక్క బోల్టూ లేదు. గేర్‌బాక్సు బరువంతా ఆ పట్టీ మీదే ఆగి ఉంది.

"ఇది లేకపోతే గేర్‌బాక్సు జారి, చక్రాలను తిప్పే షాఫ్టు రోడ్డులో గుచ్చుకుని బండి పల్టీ కొట్టేదమ్మా" అన్నాడు పందెం తనిఖీ అధికారి. "ఎవరు వేశారోగానీ చేతులెత్తి మొక్కండి."

ఆమె చుట్టూ చూసింది. బావ లేడు.

పందెంలో తమతో పోటీపడుతున్న ఇంకో షెడ్డువాళ్ళ గుడారంలో ఉన్నాడు. వాళ్ళ చొక్కా తొడుక్కుని.

"నువ్వేనా బావా?"

బావ బుకాయించలేదు.

"మొదట్లోనే, ఎత్తు మొదలవకముందే బండి ఆగిపోతుందనుకున్నా. నీకు దెబ్బ తగలాలని కాదు."

"మరెందుకు?"

"షెడ్డు ఇద్దరిదీ, పేరు నీ ఒక్కదానిదీ. ఎన్నాళ్ళు నీ వెనకాల నిలబడను? వీళ్ళు నన్ను మేనేజర్ని చేస్తామన్నారు."

"అక్కకి తెలుసా?"

బావ ఆ కొత్త చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు.

అప్పుడే ఆమెకి కొత్తాయన గుర్తొచ్చాడు.

"పాపం, అతన్ని నడిరోడ్డు మీద నానా మాటలూ అన్నాను. ఎక్కడుంటాడో చెప్పు. కాళ్ళు పట్టుకుంటాను."

"నాకేం తెలుసు? ఆ రోజు నుంచి వీళ్ళకీ కనబడలేదు."

"వీళ్ళకెందుకు కనబడాలి?"

బావ విసుక్కున్నాడు. "వాడు ఒప్పుకున్న పని చేసుంటే నేను బండి కింద దూరాల్సిన ఖర్మేంటి? ఆ బోల్టులు వదులు చేయమని వీళ్ళు పంపిన మనిషే వాడు."