రెండో వరసలో మూడో పిల్ల

"మొదలుపెట్టినారా?" అంది ఈశ్వరి.

"ఇంకా లేదు. జెండా ఎక్కిస్తాండారు," అన్నాడు ఓబుళప్ప.

రిపబ్లిక్ డే. పెనుకొండలో ఆ బడి మైదానం నిండా జనం. ఎవరో లేచి ఈశ్వరికి కుర్చీ ఇచ్చారు. మొగుడు పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ ధర్మవరం నుంచి పొద్దున్నే బస్సులో వచ్చారు. కూతురు అమృతను ఈ బడి హాస్టల్లో చేర్చి మూడేళ్లు.

షుగరు ఈశ్వరి కళ్లను తినేసింది. ఇప్పుడు గుండె మీద పడింది. వచ్చే సోమవారం ఆపరేషన్. అంతదాకా ఆమెకు ఏ దిగులూ తగలనివ్వొద్దని డాక్టరు ఓబుళప్పకు ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఈశ్వరి మొండిఘటం. బ్యాండులో డ్రమ్ము కొడుతున్నానని అమృత ఫోనులో చెప్పిన రోజు నుంచీ ఒకటే పాట. "నా బిడ్డ డ్రమ్ము వినకుండా నేను ఆపరేషన్ బల్ల ఎక్కను."

చూపు పోయిందే గానీ ఆమెవి పాము చెవులు. ఇంట్లో కూర్చుని, మగ్గాల చప్పుడును బట్టే తమ నేతగాళ్ల వీధి సంగతంతా చెప్పేస్తుంది. ఫలానా మగ్గం మీద ఈ పొద్దు తండ్రి లేడు, కొడుకు కూర్చున్నాడు అంటుంది. పోయినేడు మామగారు కాలం చేసినప్పుడు మాత్రం చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆ వీధిలో ఎవరు పోయినా ఆ రోజుకు అందరూ మగ్గం దిగేస్తారు.

డ్రమ్ములు మోగాయి.

"అమృత యాడుండాది?"

"రెండో వరసలో మూడో పిల్ల."

"ఏం తొడుక్కోనుండాది?"

"తెల్ల చొక్కా, ఎర్ర స్కర్టు. టోపీకి కుచ్చు."

"జడలు?"

"రెండు. మడిచి కట్టినారు. ఇప్పుడు అందరూ ఎడమకు తిరుగుతాండారు."

గొంతులో తడబాటు లేదు. రేషను షాపులో పేర్లు పిలిచినట్టు చెప్పుకుంటూ పోయాడు ఓబుళప్ప. వారం రోజులుగా మనిషి మొద్దుబారిపోయాడు. కూరలో ఉప్పు తెలియదు. కాలికి రాయి తగిలి నెత్తురు కారినా తెలియదు.

"నా పక్క చూస్తాందా?"

"చూస్తాండాది."

"నవ్వుతాందా?"

ఓబుళప్ప రెండో వరస మీంచి చూపు తిప్పుకున్నాడు.

"వాయించేటప్పుడు నవ్వితే సారు తిడతాడంట."

ఈశ్వరి నవ్వింది. కుర్చీ చేతి మీద వేళ్లతో తనూ దరువేసింది. బ్యాండు మైదానం చుట్టూ తిరిగి వచ్చి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె అందరికంటే ఎక్కువసేపు కొట్టింది.

డ్రిల్లు మాస్టరు ప్రేమ్ కుమార్ వీళ్లను చూసి దగ్గరికొచ్చాడు.

"మా పాప ఎట్ల సార్?" అంది ఈశ్వరి.

ఆయన ఓబుళప్ప ముఖంలోకి చూశాడు.

"దానంత చెయ్యి మా బ్యాండులో ఇంకెవరికీ లేదమ్మా," అని గబగబా వెళ్లిపోయాడు.

"పిల్చుకోని రాపోయ్యా. ఒక్కసారి ముట్టుకుంటా."

"హిందూపురంలో ఇంకో ప్రోగ్రాం ఉండాదంట. అందర్నీ బస్సెక్కించేసినారు."

ఈశ్వరి కుర్చీలోంచి ముందుకు వంగింది. గాలిలో తడుముకుని అతని చెయ్యి పట్టుకుంది.

"సరే, పోదాం పా. నిలబడి నిలబడి నీ కాళ్లు నొప్పి పుట్టింటాయి."

లేచి రెండడుగులు వేసి ఆగింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"పోయిన బేస్తవారం మన వీధిలో ఒక్క మగ్గం గూడా ఆడలేదు గదయ్యా, ఎవురు పోయినారని అందర్నీ అడిగితి, నాకు ఒక్కరూ చెప్పలేదు."