సగం పాటలు

"డిస్కుకేం కాలేదు సార్," అన్నాడు కంప్యూటర్ మెకానిక్, కేబినెట్‌కి ఆనించిన చెవి తీస్తూ.

"కాకపోతే పాటలన్నీ సగంలో ఎందుకు ఆగిపోతున్నాయి?" అన్నాడు సర్వేయరు. రిటైరై చాలా కాలమైనా వీధిలో అందరికీ ఆయన సర్వేయరుగారే. "నాకు కంప్యూటర్ తెలియకపోవచ్చు. పాట పూర్తయిందో లేదో కూడా తెలియదా?"

"పోయే డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది సార్. ఫైలు తెరవబోతే ఎంతకీ తెరుచుకోదు. ఇది శుభ్రంగా నడుస్తోంది."

"శుభ్రంగా నడిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

పక్క కుర్చీలోంచి కూతురు లేచింది. "ఆయన్ని చూడనియ్యి నాన్నా."

ఆ కంప్యూటర్ సర్వేయరు భార్యది. ఇస్త్రీ బల్లకూ దుప్పట్ల బీరువాకూ మధ్య వెనకగదిలో ఉండేది. ఆవిడ పోయాక, కరెంటు బిల్లు కట్టడానికని కూతురు దాన్ని తెరిస్తే ఒక ఫోల్డరు నిండా పాటలు బయటపడ్డాయి. అన్నీ ఆవిడ పాడుకుని రికార్డు చేసుకున్నవే. అప్పట్నుంచీ సర్వేయరు అన్నం కూడా ఆ గదిలోనే తింటున్నాడు. పొద్దస్తమానం ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటాడు. ఒక్కటీ చివరిదాకా ఉండదు. పల్లవి అవుతుంది, చరణం ఎత్తుకుంటుంది, ఎక్కడో ఒకచోట టక్కున ఆగిపోతుంది. ఈ సాయంత్రం ఆవిడ అక్క వస్తోంది. చెల్లెలి పాట ఒక్కటైనా పూర్తిగా వినిపిస్తానని ఆమెకు మాటిచ్చాడు.

"మీ పిల్లలే ఆటలాడి దీని పని పట్టి ఉంటారు," అన్నాడు కూతురితో.

"వాళ్లు ఈ గది గడప ఎప్పుడు తొక్కారు? నువ్వు కసురుకుంటావని హాల్లోంచి కదలరు."

మెకానిక్ కేబుల్ మార్చాడు. డిస్కు మొత్తాన్నీ పరీక్షకు పెట్టాడు. తెర మీద పచ్చగీత చీమలా పాకడం మొదలుపెట్టింది. అది ఎప్పుడు ఎర్రగా మారుతుందా అని సర్వేయరు కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"ఎంత హాయిగా పాడేదో," అన్నాడు కాసేపటికి. "ఇలా రికార్డు చేసుకుంటున్నానని నాతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పుంటే ఎదురుగా కూర్చుని వినేవాణ్ణి."

కూతురు కిటికీలోంచి బయటికి చూసింది.

గీత చివరికంటా పచ్చగానే పాకింది. మెకానిక్ కొన్ని పాటలు తన లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒకటి పెట్టాడు. కంప్యూటర్లో ఏ మాట దగ్గర ఆగిందో ఇక్కడా అదే మాట దగ్గర ఆగింది.

"చూశారా? డిస్కులో చెడిపోయిన చోటంటూ లేదు. పాట ఇంతవరకే ఉంది సార్."

"అంటే?"

"అమ్మగారే ఇక్కడ ఆపేశారు."

"ఎందుకాపుతుంది?" సర్వేయరు గొంతు పెరిగింది. "నిద్రలో లేపినా చివరిదాకా పాడే మనిషి. ఒకటీ అరా అయితే మర్చిపోయిందనుకోవచ్చు. అన్నీ ఆపేస్తుందా? నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకర్ని పిలుచుకుంటాను."

మెకానిక్ మొహం ఎర్రబడింది. "ఆగండి. పాట చివర్లో ఏదో చిన్న అలికిడి ఉంది. మీ స్పీకర్లలో తెలియదు, అవి నీళ్లలోంచి మాట్లాడినట్టు పలుకుతున్నాయి."

సంచీలోంచి హెడ్‌ఫోన్లు తీసి లాప్‌టాప్‌కి గుచ్చాడు. సౌండు పూర్తిగా పెంచి విన్నాడు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. ఇంకో పాట పెట్టాడు. మరొకటి పెట్టాడు. తర్వాత అతని చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

"ఏమిటది? డిస్కు చప్పుడేనా?" సర్వేయరు ముందుకు వంగాడు.

మెకానిక్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన వంక చూడలేదు.

"అవును సార్. డిస్కే. నేనే పొరబడ్డాను. ఈ పాటలు ఇంక ఇంతే, బాగుపడవు."

సర్వేయరు కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో బిగువు సడలింది. "మొదట్నుంచీ నేను చెబుతున్నదేమిటి?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "పాడు యంత్రం. మీ అమ్మ పాటలన్నీ మింగి కూర్చుంది. మీ పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పు, డిస్కు పోయిందని."

కూతురు ఫోన్ తియ్యలేదు. మెకానిక్ వైపే చూస్తోంది. "ఇప్పుడేగా చెడిపోయిన చోటు లేదన్నారు?"

"వదిలెయ్యండమ్మా," అన్నాడు అతను మెల్లగా, లాప్‌టాప్ మూయబోతూ.

ఆమె మూతకు చెయ్యి అడ్డం పెట్టింది. "మా అమ్మ పాట అది. అలికిడేమిటో నేనూ వింటాను."

"వద్దమ్మా. నా మాట వినండి."

ఆమె హెడ్‌ఫోన్ల పిన్ను లాగేసి పాట నొక్కింది.

పూర్తిగా పెంచి ఉన్న సౌండులో తల్లి గొంతు గది నిండా పరుచుకుంది. సర్వేయరు కళ్లు మూసుకున్నాడు. చరణం మధ్యలో ఎక్కడో దూరంగా తలుపు తెరుచుకుంది. పాట తడబడింది. చెప్పుల చప్పుడు దగ్గరైంది. పాట ఆగిపోయింది. ఆ వెనకే, నడవలోంచి, సర్వేయరు గొంతు వినిపించింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు, ఆ గొంతు నా చెవిన పడకూడదని?"