ఆఖరి సీటు

“నిండిపోయిందక్కా! తర్వాత బండికి రా!”

కండక్టర్ కిలొంజో, మటాటు వ్యాను తలుపు మీద అరచేత్తో చరిచాడు.

కటుంగె పరుగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ ఆ తలుపే పట్టుకుంది. పది గంటలకు మచాకోస్‌లో ఇంటర్వ్యూ. వెనక నిలబడ్డ బండిలో ఒక్కరూ లేరు. అది నిండితేగానీ కదలదు. దారిలో పోలీసులు తలలు లెక్కపెడతారు కాబట్టి నిలబడి వెళ్లే వీలూ లేదు.

ఆమె చూపు సీట్ల మీద తిరిగింది.

బండిలో కూర్చున్నవాళ్లంతా ప్రయాణికులు కారని వోటే ఊరి స్టాండులో పెరిగినవాళ్లకు తెలుసు. ఖాళీ బండి ఎవరూ ఎక్కరు. అందుకని కండక్టర్లు నలుగురికి చిల్లర ఇచ్చి ఊరికే కూర్చోబెడతారు. అసలు ప్రయాణికులు వచ్చేకొద్దీ వాళ్లు ఒక్కొక్కరే దిగిపోతారు.

తలుపు పక్కన పాత కోటు మనిషి ఒకడున్నాడు. చేతిలో సంచి లేదు. ముఖంలో తొందర లేదు. వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కండక్టర్‌ని పేరు పెట్టి పలకరిస్తున్నాడు.

ఇంకా అనుమానమెందుకు?

“ఓయ్, నువ్వు ఊరికే కూర్చున్నవాడివే కదా? దిగు మరి. నేను అసలు ప్రయాణికురాలిని.”

బండిలోవాళ్లంతా గొల్లున నవ్వారు.

ఆ మనిషి ఒలవడం ఆపి చూశాడు. “అలా కనిపిస్తున్నానా చెల్లీ?”

“కనిపించడం ఏంటి? పోయిన గురువారం కూడా నిన్నిక్కడే చూశాను. ఇలాగే కూర్చున్నావు.”

“కూర్చున్నమాట నిజమే.” అతను నవ్వాడు. “ఇంత తొందరగా ఎక్కడికి?”

“ఇంటర్వ్యూకి. పశువుల బీమా కంపెనీలో.”

ఒళ్లో మామిడికాయల బుట్ట పెట్టుకున్న అవ్వకు ఆసక్తి పుట్టింది. “ఏం చదివావే?”

“లెక్కలు.”

“లెక్కలు చదివితే పంతులమ్మవి కావాలి గానీ, పశువులతో నీకేం పని?”

“పంతుళ్ల పోస్టులకు ఊరంత వరస ఉందవ్వా. బ్యాంకుకు వెళితే కామర్స్ చదవలేదుగా అన్నారు. జనాభా లెక్కలకు ఇల్లిల్లూ తిరిగాను, అది మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.”

“ఇక్కడ మరి ఏం లెక్కపెడతావు?”

“వానలు మొహం చాటేస్తే ఎన్ని మేకలు చచ్చిపోతాయో ముందే అంచనా కట్టాలి.”

“అయితే చెప్పు. నా మేక ఎప్పుడు చస్తుంది?”

“ఒక్క మేక సంగతి ఎవరూ చెప్పలేరవ్వా. వెయ్యి మేకలైతే చెప్పొచ్చు.”

“నాకున్నది ఒక్కటే కదే! నీ చదువు నాకెందుకూ కొరగాదు, పో!”

మళ్లీ నవ్వులు. అందరికన్నా గట్టిగా కోటు మనిషే నవ్వాడు.

వీడికేదో అర్థమైనట్టు నవ్వుతున్నాడే అనుకుంది కటుంగె.

నవ్వు ఆగాక అతను అడిగాడు. “ఇది కూడా రాకపోతే?”

ఆమె గొంతు తగ్గింది. “ఇదే ఆఖరు అన్నాడు మా నాన్న. రాకపోతే మా పిన్ని కోళ్ల దొడ్లో గుడ్లు ఏరుకోవడమే.”

అతను తల బయటపెట్టి వెనక బండి వైపు చూశాడు.

“కిలొంజో, అది ఎప్పటికి నిండుతుంది?”

“సంతరోజు కదా. గబుక్కున నిండొచ్చు. నిండకపోనూవచ్చు.”

తర్వాతి కూలి ఎప్పుడని కాబోలు అడుగుతున్నాడు అనుకుంది కటుంగె.

అతను కళ్లు సగం మూసి కాసేపు ఏదో ఆలోచించాడు. తర్వాత కోటు దులుపుకుని దిగాడు.

కిలొంజో ఏదో అనబోయాడు. అతను కళ్లతోనే వద్దన్నాడు. కిలొంజో జేబులోంచి ఒక నోటు తీసి అతని చేతిలో పెట్టాడు.

“ఊరికే కూర్చున్నందుకు అంత పెద్ద నోటా!” సీట్లో సర్దుకుంటూ అవ్వ చెవిలో అంది కటుంగె. “లెక్కలు చదివే బదులు నేనూ ఇదే పని చేసుండాల్సింది.”

బండి కదిలింది. అతనికి ఒక మంచిమాట చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు.

మచాకోస్ ఆఫీసులో పది కొట్టగానే తలుపు వేసేశారు. కటుంగె అప్పటికి కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటోంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

“గురువారం పరీక్ష రాసినవాళ్లలో ఇద్దరినే పిలిచాం,” అంది కళ్లద్దాల ఆఫీసరమ్మ. “ఎక్కువ మార్కులొచ్చిన మనిషి రాలేదు. ఇక మిగిలింది మీరే. అలాగని తేలిగ్గా వదలను.”

అన్నట్టే వదల్లేదు. కరువుల గురించి, మందల గురించి, రాని వానల గురించి గుచ్చి గుచ్చి అడిగింది. కటుంగె తెలిసినవి చెప్పింది. తెలియనివి తెలియవంది.

“సోమవారం నుంచి రండి,” అందావిడ చివరికి.

కటుంగె మెట్లు దిగిందో ఎగిరిందో ఆమెకే తెలియలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన, గోడకు చేరబడి, పాత కోటు మనిషి!

సంతోషంలో ఆమెకు వేళాకోళం ఆగలేదు.

“ఇక్కడ కూడా సీటు కాస్తున్నావా ఏంటి?”

అతను నిటారుగా నిలబడ్డాడు. “దొరికిందా?”

“దొరికింది!”

అతను ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు.

“మంచిది చెల్లీ. బాగా చెయ్యి.”

రోడ్డు దాటి, స్టాండు వైపు మెల్లగా నడిచి వెళ్లాడు. అంత దూరం ఎందుకొచ్చాడో కటుంగెకు అంతుబట్టలేదు.

“ఎవరికోసం వచ్చాడతను?” అని వాచ్‌మన్‌ని అడిగింది.

“ఎవరికోసమూ కాదమ్మా, ఆయనా ఇంటర్వ్యూకే వచ్చాడు, పొద్దున బండిలో సీటు దొరకలేదట.”